సత్తయ్య గొంతు చెరిపింది నేనే

ఏడేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. పెద్ద మాటేం కాదు. "అయ్యుండొచ్చు." అంతే. ఆ ఒక్క మాటతో నా తప్పును ఇంకొకరి నెత్తిన పెట్టేసి, చేతులు దులుపుకుని, మియాపూర్‌లో సొంత ఫ్లాట్‌కి మారిపోయాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లయితే మధ్యలో ఆపి, "పోనీలే, కావాలని చేశావా ఏంటి?" అంటారు. మా ఆయన అన్నాడు కూడా. ఆ ఓదార్పు నాకు వద్దు. చేసింది కావాలని చేయలేదు, నిజమే. దాచింది మాత్రం కావాలనే దాచాను. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి నా వీపు నిమిరేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కాబట్టి మీరు వింటూ ఉండండి, చాలు. పేర్లు మార్చాను. నా పేరు చెప్పను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నా సిగ్గు ఎంతటిదో మీకు తెలియదు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పదిహేడేళ్లుగా నా పని బ్యాకప్. వేరే కంపెనీల సమాచారానికి కాపీలు తీసి ఇంకోచోట దాచి పెట్టడం, అసలుది పోయిన రోజున దాచినది తీసి ఇవ్వడం. మా టీంలో ఒక ఆచారం ఉంది. ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక, దాచినవాటిలోంచి ఏదో ఒక ఫైలును చీటీ తీసినట్టు ఎంచుకుని, వెనక్కి తెచ్చి, తెరిచి, కళ్లతో చూస్తాం. తెరిచి చూడనిది దాచినట్టు కాదు, అది మా లెక్క. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు ఈ పాఠం చెప్పేది నేనే. "తెరిచి చూశావా?" అన్నది నా ఊతపదం. నా వెనక నన్ను 'తెరిచి చూశావా మేడం' అంటారని కూడా తెలుసు. అననీ అనుకునేదాన్ని. లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

అప్పట్లో మేం హఫీజ్‌పేట్‌లో అద్దెకుండేవాళ్లం. మాది కడప జిల్లా, ప్రొద్దుటూరు పక్కన ఊరు. హఫీజ్‌పేట్ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో రెండంతస్తుల ఇల్లు. కింద ఇంటాయన సత్తయ్య, ఆయన కొడుకు శ్రీశైలం, కోడలు లావణ్య. పైన మేం. సత్తయ్య ఈ చుట్టుపక్కల పొలాలున్న రోజుల నుంచీ ఇక్కడివాడు. కొండాపూర్ వైపు ఇవాళ అద్దాల మేడలున్నచోట ఆయన మక్కలు పండించాడు. నన్ను బిడ్డా అని పిలిచేవాడు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, వీధి మొదట్లో కూరల బండివాడితో మాట్లాడుతుంటే మా వంటింట్లోకి ప్రతి మాటా వినిపించేది. నాకు విసుగొచ్చేది కూడా. కాల్‌లో ఉన్నప్పుడు కిటికీ మూసేసేదాన్ని.

శ్రీశైలం కంపెనీ క్యాబ్ నడిపేవాడు. నాకన్నా పదేళ్లు చిన్న. మేం దిగిన రెండో రోజు నుంచే అక్కా అని పిలవడం మొదలుపెట్టాడు. నేను అంత సులువుగా ఎవరినీ దగ్గరికి రానిచ్చే మనిషిని కాదు. కానీ ఒక వానాకాలం సాయంత్రం రోడ్లన్నీ మునిగిపోయి ఆఫీసు గేటు దగ్గర ఇరుక్కుపోతే, ఎవరూ చెప్పకుండానే బండి వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఎందుకొచ్చావంటే, అక్కవు కదా అన్నాడు. అటువంటి పిల్లాడు.

తరువాత సత్తయ్య గొంతు బొంగురుపోయింది. బీడీల వల్లనుకున్నారు, పసరు మందులు తాగాడు, చివరికి దవాఖానకు తీసుకెళ్తే గొంతు పెట్టెలో క్యాన్సర్ అని తేలింది. పెట్టె తీసేస్తే బతుకుతాడు, మాట మాత్రం పోతుంది అన్నారు డాక్టర్లు. మూడు వారాల్లో ఆపరేషన్. లావణ్యకు అప్పుడు అయిదో నెల.

ఆ మూడు వారాల్లో శ్రీశైలం చేసిన పని ఎంత చదువుకున్నవాళ్లకూ తట్టదు. రోజూ పొద్దున డ్యూటీకి ముందు తండ్రిని క్యాబ్‌లో ముందు సీటులో కూర్చోబెట్టుకుని, ఫోన్‌ను ఆయన వైపు తిప్పి పెట్టి, కొండాపూర్ అంతా తిప్పేవాడు. సత్తయ్య చూపిస్తూ చెప్పుకుంటూ పోయేవాడు. ఇది గుండ్ల చెలక. ఇక్కడ ముత్యాల బావి ఉండేది, నేను ఈత నేర్చుకున్నది అందులోనే. ఈ ఫుడ్ కోర్టు కింద మా పెద్దనాయన మామిడి చెట్లు. ఎవరి పొలం, ఎవరి గట్టు, ఏ గట్టు మీద ఎవరెవరు కొట్టుకున్నారు, అన్నీ. ఆ పేర్లు ఏ కాగితంలోనూ లేవు. ఆయనకా సంతకం మించి అక్షరం రాదు.

వీడియోలు తీసిన చివరి రోజున, ఆపరేషన్‌కి ఇంకా వారం ఉందనగా, ఆయన అందరినీ గదిలోంచి బయటికి పొమ్మన్నాడు. ఫోన్ ఎదురుగా మంచం మీద కూర్చుని, కడుపులో ఉన్న మనవడో మనవరాలో, ఆ బిడ్డకి చెప్పుకోవలసింది ఒక్కడే చెప్పుకున్నాడు. ఎంతసేపు చెప్పాడో, ఏం చెప్పాడో ఎవరూ వినలేదు. బిడ్డ పుట్టాక ముందు ఆ బిడ్డకే వినిపిస్తానని శ్రీశైలం తండ్రికి మాటిచ్చాడు.

ఫోన్ నిండిపోయి డ్యూటీ యాప్ కూడా తెరుచుకోని పరిస్థితి. శ్రీశైలం అరచేతిలో పట్టే హార్డ్ డిస్క్ ఒకటి కొన్నాడు. కంప్యూటర్ తెలిసిన దోస్తు ఇంట్లో వీడియోలన్నీ అందులోకి ఎక్కించి, ఫోన్‌లోవి తీసేశాడు. తిరిగొస్తుంటే బండి మీంచి సంచి జారి డిస్క్ కిందపడింది. భయపడి నేరుగా పైకి, నా దగ్గరికి వచ్చాడు. నేను ల్యాప్‌టాప్‌కి పెట్టి ప్రతి వీడియో ఆడించి చూశాను. ఏమీ కాలేదు. శుభ్రంగా ఉన్నాయి. ఆ చివరి రోజుది మాత్రం మొదలవగానే ఆపేశాను, మర్యాద కోసం. ఈ సంగతి గుర్తుంచుకోండి: డిస్క్ పడినా ఏమీ కాలేదని నాకు తెలుసు. నా కళ్లతో చూశాను.

అప్పుడే అడిగాడు, వీటిని ఈ డబ్బాలోనే ఉంచాలా, క్లౌడ్‌లో పెట్టాలా అని. అతనికి డబ్బా మీదే నమ్మకం. చేతిలో ఉంటుంది, బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు. క్లౌడ్ అంటే ఎవరి దగ్గర ఉంటుందో, అడిగితే ఇస్తారో లేదో అని అతని అనుమానం. నాకు అడగడమే ఆలస్యం. అరగంట పాఠం చెప్పాను. డబ్బా కిందపడుతుంది, తడుస్తుంది, దొంగ ఎత్తుకుపోతాడు, ఏమీ కాకపోయినా ఒకనాటికి అదే చచ్చిపోతుంది. క్లౌడ్ అయితే పాస్‌వర్డ్ మరిచిపోతాం, అకౌంట్ ఆగిపోతుంది, మన ఇంటి తలుపు మనకే తెరుచుకోదు. కాబట్టి రెండూ ఉండాలి, ఇంట్లో ఒకటి, దూరంగా ఒకటి. నేను చూసుకుంటాను, ఇచ్చి వెళ్లు అన్నాను. నన్ను చేయమని అతను అడగలేదు. పెద్దరికం నేనే నెత్తికెత్తుకున్నాను.

ఇక నేను చేసిన పని. నిదానంగా చెబుతాను, ఒక్క మెట్టు కూడా దాటేయకుండా.

నా ల్యాప్‌టాప్‌లో క్లౌడ్ ఫోల్డర్ ఒకటి ఉంటుంది. అందులో ఏది వేస్తే అది దానంతటదే పైకి ఎక్కుతుంది. డిస్క్‌లోని వీడియోలన్నీ అందులో వేశాను. మూడు రోజులు పట్టింది. అన్నిటి పక్కనా పచ్చటి టిక్కులు పడ్డాయి. ఈలోగా శ్రీశైలం, నాయినకు టీవీలో చూపించాలక్కా, మా టీవీ ఈ డిస్క్‌ను చదవడం లేదు అన్నాడు. దాన్ని టీవీకి పనికొచ్చేలా మళ్లీ కొత్తగా తయారు చేయాలి, అంటే ముందు లోపల ఉన్నవన్నీ చెరపాలి. చెరిపాను. క్లౌడ్‌లో ఉన్నాయి, ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, సాయంత్రం తిరిగి ఎక్కిస్తే సరిపోయె అనుకున్నాను. ఆ సాయంత్రం ఎక్కించలేదు. సత్తయ్యను దవాఖానలో చేర్చారు, టీవీ మాట ఎవరూ ఎత్తలేదు. నాకేమో ఆ వారమే మియాపూర్ ఫ్లాట్ పనులు. ల్యాప్‌టాప్ నిండిపోయిందని ఊరికే గొడవ పెడుతుంటే, ఆ ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్‌లోంచి తీసేశాను. పైన క్లౌడ్‌లో ఉంది కదా అని. కానీ ఆ ఫోల్డర్ స్వభావమే అది, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. ఆ మాట చెబుతూ తెర మీద ఒక పెట్టె కూడా వచ్చింది. ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంటాయి, ఆ తరువాత శాశ్వతంగా పోతాయి అని రాసి ఉంటుంది అందులో. నేను చదవలేదు. సరే అని నొక్కాను. అన్నేళ్ల ఉద్యోగంలో ఆ పెట్టెను ఎన్ని వందల మందికి చదివి వినిపించి ఉంటాను?

అంతటితో ఆగలేదు. ఖాళీగా ఉంది కదా అని శ్రీశైలం డిస్క్‌లోకి నా సామాను ఎక్కించాను. ఫ్లాట్ ఫొటోలు, మా చెల్లెలి పెళ్లి వీడియోలు. రెండు రోజులకే అనుకున్నాను.

ఆపరేషన్ అయ్యింది. నేను ఆ ఫోల్డర్ తీసేసిన ఇరవై రోజులకు అనుకుంటాను, శ్రీశైలం పైకి వచ్చాడు. నాయిన ఇంటికొచ్చాడు, ఆ వీడియోలు చూస్తానని సైగ చేస్తున్నాడు అన్నాడు. నేను వంటింటికి టైల్స్ ఎంచుకుంటున్నాను. కుర్చీలోంచి లేవలేదు. ఆదివారం ఇస్తాలే అన్నాను. ఇంకా పది రోజులున్నాయి అప్పటికి. ఆ పూట లేచి ల్యాప్‌టాప్ తెరిచి ఉంటే చెత్తబుట్టలోంచి అన్నీ లేచి వచ్చేవి. ఈ రాతకి పనే ఉండేది కాదు. బూడిద రంగు టైల్స్, లేత గోధుమ రంగు టైల్స్, ఏవి బాగుంటాయా అని చూస్తూ కూర్చున్నాను. ఆ ఆదివారం పోయింది. తరువాతి ఆదివారమూ పోయింది.

చివరికి తెరిస్తే ఏమీ లేదు. చెత్తబుట్టలోనూ లేదు. క్లౌడ్ కంపెనీకి రాశాను, మర్యాదగా చేతులెత్తేశారు. డిస్క్‌ను ఆఫీసుకు తీసుకెళ్లి పోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టి తొమ్మిది రోజులు కూర్చున్నాను. పేర్లు దొరికాయి. సత్తయ్య వీడియో పేరు మీద నొక్కితే మా చెల్లెలి పెళ్లి మేళం మోగింది. ఆయన ఉన్న చోటంతా నా సామాను నిండిపోయింది.

పదో రోజు శ్రీశైలం వచ్చాడు. డిస్క్ బల్ల మీద ఉంది. నిజం చెప్పేయాలనే అనుకున్నాను, నమ్మండి. మొదటి వాక్యం నాలుక చివర ఉంది. నా ముఖం చూసి అతనే అడిగాడు.

"ఖరాబైందా అక్కా?"

తల ఊపాను.

"గా దినం బండి మీదికెల్లి కిందవడ్డది గద. గందుకేనా?"

తప్పించుకునే తలుపు అతనే తెరిచి పట్టుకున్నాడు. నేను అందులోంచి దూరి పారిపోయాను.

"అయ్యుండొచ్చు శ్రీశైలం."

"మరి క్లౌడ్ల గూడ ఎక్కిస్తనంటివి?"

"డిస్కులోనే పాడైనాయి గదప్పా. పైకి ఎక్కినవి గూడా పాడైనవే ఎక్కినట్టుండాయి."

అతను చాలాసేపు ఆ డిస్క్ వైపే చూశాడు. "నేనే ఆగం జేసిన" అన్నాడు. "నాయినకు నేనే చెప్త. నువ్వు పరేషాన్ గాకక్కా, నువ్వేం జేస్తవ్."

నన్ను ఓదార్చి మెట్లు దిగి వెళ్లాడు.

పైన గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. తిట్లు వినిపిస్తాయేమోనని. తిట్టడానికి ఆయనకు గొంతెక్కడిది? కుర్చీ జరిగిన చప్పుడు ఒక్కటి వినిపించింది. ఆ రోజు నుంచి కొడుకు గదిలోకి వస్తే సత్తయ్య గోడవైపు తిరిగేవాడు. కొడుకు నడిపే క్యాబ్ ఎక్కడం మానేశాడు. దవాఖానకు కూడా కోడలిని వెంటబెట్టుకుని ఆటోలో పోయేవాడు. మెడకు బిళ్లలా ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి డాక్టర్లు ఇచ్చారు. దాని గరగర ఆయనకు నచ్చలేదు. ఒక్కసారి వాడి బీరువాలో పడేశాడు.

ఎందుకలా చేశాను? ఏడేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నా ఉద్యోగం పోయేదా? పోదు. అద్దె ఇంట్లోంచి పొమ్మనేవారా? ఎలాగూ పోతున్నాం. మరి దేనికి భయం? 'తెరిచి చూశావా మేడం' తెరిచి చూడలేదని ఒక క్యాబ్ డ్రైవర్‌కి తెలిసిపోతుందనా? అదీ కొంత ఉంది. కానీ అడుగున ఇంకోటి ఉంది, దాన్ని ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది. వీళ్లకేం తెలుస్తుందిలే అనుకున్నాను. పాడైన ఫైలు పైకి ఎక్కింది అంటే నమ్ముతారులే అనుకున్నాను. నా చదువును వాళ్ల అమాయకత్వం మీద వాడుకున్నాను. అదే పని మా ఆఫీసులో ఎవరి దగ్గరైనా చేయగలిగేదాన్నా? పది నిమిషాల్లో పట్టుకునేవారు.

మేం మియాపూర్‌కి మారే రోజున లావణ్య నాకు ఒడిబియ్యం పోసింది. ఆ ఇంటి ఆడపిల్లకు పోసినట్టు. చాపమీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, ఖర్జూరాలు, రవిక గుడ్డ నా కొంగులో పోసి ముడి వేసింది. శ్రీశైలం తమ్ముడి వరుసలో పక్కన నిలబడ్డాడు. మా రాయలసీమలో ఒడిబియ్యం పుట్టింటివాళ్లే పోస్తారు. ఇక్కడా అంతే. అంటే నన్నేమనుకున్నారో మీరే ఆలోచించుకోండి. కొంగు బరువుకి భుజం లాగుతుంటే, నవ్వుతూ ఫొటో దిగాను. సిగ్గులేకపోతే సరి.

పాప పుట్టింది. వెన్నెల అని పేరు పెట్టారు. పుట్టినరోజుకి ప్రతి ఏడూ పిలిచారు, ప్రతి ఏడూ గౌను పట్టుకుని వెళ్లాను. కిందటి పుట్టినరోజున ఆ పిల్ల, తాత గొంతు ఎట్లుండె డాడీ అని అడిగింది. మస్తుండె బిడ్డా, నేనే పోగొట్టిన అన్నాడు శ్రీశైలం. నేను పక్కనే ఉన్నాను. నోట్లో కేకు ఉంది. నమిలి మింగాను.

పాత వీడియోల్లో వేరే ఎక్కడా ఆయన గొంతు లేదా అని మీరు అడగొచ్చు. వాళ్లూ వెతికారు. శ్రీశైలం పెళ్లి వీడియోలో పాటలు పెట్టి మాటలన్నీ మింగేశారు. ఫోన్లు మారిపోయాయి. ఇరవై నాలుగు గంటలూ మాట్లాడే మనిషి గొంతును ఎవరు దాచుకుంటారు?

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, హార్డ్ డిస్క్ మంచిదా, క్లౌడ్ మంచిదా అని. రెండూ అంటాను. రెండూ ఉన్నాయి అప్పుడు. డబ్బా బాగానే ఉంది, క్లౌడ్ బాగానే ఉంది. వాటి మధ్య నేనున్నాను.

కిందటి నెలలో శ్రీశైలం ఫోన్ చేశాడు. క్యాబ్ ఎక్కిన ఎవరో ఐటీ మనిషి చెప్పాడట, ఇప్పుడు ఏఐతో మనిషి గొంతును మళ్లీ తయారు చేస్తున్నారని, చిన్న ముక్క ఉన్నా చాలని. ఎక్కడన్నా ఒక్క ముక్క దొరుకుతుందా అక్కా, నీ పాత ల్యాప్‌టాప్‌లో గిట్ల ఏమన్నా మిగిలి ఉంటుందా అని అడిగాడు. నాయినకు ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంది, పాపకు ఒక్కసారి వినిపించాలని ఉందన్నాడు. చూస్తాను అన్నాను.

ఇప్పుడు ఇంతసేపూ మీకు కూడా చెప్పనిది చెప్పాలి. ముక్క ఉంది.

ఆ తొమ్మిది రోజుల వెతుకులాటలో ఒకే ఒక్క వీడియో సగం చచ్చి బయటపడింది. నాలుగు సెకండ్లు ఆడుతుంది. సత్తయ్య క్యాబ్ ముందు సీటులో కూర్చుని, అద్దంలోంచి ముందుకు చూస్తూ, "శీశైలం, మొదలువెట్టినవా? ఆఁ, సూడు బిడ్డా, గీడ..." అంటాడు. అక్కడ బొమ్మ ఆగిపోతుంది. ఏడేళ్లు దాన్ని దాచాను. ఎందుకంటే, నాలుగు సెకండ్లు బయటికొచ్చిందంటే ఇంకెవరి చేతైనా వెతికిద్దామంటారు. వెతికినవాడికి మా చెల్లెలి పెళ్లి కనబడుతుంది. అందుకని ఇవ్వలేదు. చచ్చుబడిన ఆ నాలుగు సెకండ్లకి మూడు కాపీలున్నాయి నా దగ్గర. రెండు డిస్కుల్లో, ఒకటి క్లౌడ్‌లో. ప్రతి ఏడూ తెరిచి చూస్తాను. నా వృత్తిధర్మం అంతా దాని మీద చూపించాను.

మా ఆయనకు మొన్న మొత్తం చెప్పాను. పాత ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు దొరికిందని చెప్పి ఆ ముక్క ఇచ్చేయి, పాతవన్నీ తవ్వడమెందుకు అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఒక రోజంతా నాకా దారి నచ్చింది. వాళ్లకు గొంతు దక్కుతుంది. నాకు పేరూ దక్కుతుంది. శ్రీశైలం నా చేతులు పట్టుకుని ఏడుస్తాడు. తండ్రి ఎదుట పోగొట్టినవాడు మాత్రం అతనే అవుతాడు, జన్మంతా. దొరికిన ముక్కతో యంత్రం ఆ గొంతును తయారు చేస్తుందేమో కానీ, మంచం మీద కూర్చుని కడుపులో బిడ్డకు ఆయన ఏం చెప్పాడో ఏ యంత్రం చెబుతుంది? అది పోయింది. పోగొట్టినవాళ్లెవరో ఆయనకు తెలియాలి. ఇందులో ఇక బేరం లేదు అనుకున్నాను.

నిన్న ఆదివారం పొద్దున పదింటికి వెళ్లాను. మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నాను. సత్తయ్య ఇంటి ముందు కుర్చీలో ఉన్నాడు, మెడకు తెల్లటి బట్ట. శ్రీశైలం క్యాబ్ తుడుస్తున్నాడు. కూర్చోమన్నారు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. దారి పొడవునా వల్లించుకున్న మాటల్లో మంచివి పోయాయి, మొరటువే మిగిలాయి. వీడియోలు చెరిపింది నేను. డిస్క్‌లో మా చెల్లెలి పెళ్లి నింపింది నేను. నువ్వు అడిగిన రోజున ఇంకా దొరికేవి, నేను లేవలేదు. తెలిసే నీతో అబద్ధం ఆడాను. లావణ్య గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది.

శ్రీశైలం చేతిలో తడిబట్ట అలాగే ఉంది. నీళ్లు కారి చెప్పుల మీద పడుతున్నాయి. ఒక్కటే అడిగాడు.

"కిందవడ్డందుకు గాదా?"

"కాదు. పడినా దానికేం కాలేదు. ఆ పొద్దే నేను చూసినా."

అతను అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

సత్తయ్య లేచాడు. నా వైపు వస్తున్నాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. నన్ను దాటి వెళ్లాడు. కొడుకు చేతిలోని తడిబట్ట తీసి పక్కన పడేసి, ఆ తలను రెండు చేతులా పట్టుకుని తన కడుపుకి ఆనించుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, ఆగకుండా కదులుతున్నాయి. మెడ దగ్గర బట్ట వెనక నుంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. ఏం చెబుతున్నాడో నాకు తెలియదు. కొడుక్కి తెలిసినట్టుంది, ముప్పై అయిదేళ్ల మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాలుగు సెకండ్లున్న పెన్‌డ్రైవ్ లావణ్య చేతిలో పెట్టాను. ఇది కూడా దాచానని చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే వాళ్లకు మళ్లీ నన్ను ఓదార్చే పని పడుతుంది. ఆ పని ఒకసారి శ్రీశైలం చేశాడు, చాలు.

కాసేపటికి అతను తల ఎత్తాడు. నా వైపు చూడలేదు.

"మీరు వోండి ఇగ, మేడం" అన్నాడు.

ఇన్నేళ్లలో అతను నన్ను మేడం అనడం అదే మొదటిసారి. గేటు నేనే తీసుకుని, నేనే వేసి, బయటికొచ్చాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. హాయిగా ఉందని చెప్పను, కానీ ఊపిరి మాత్రం అడుగుదాకా వెళ్లింది. ఆ తప్పు ఎవరిదో ఆ ఇంట్లో ఇప్పుడు అందరికీ తెలుసు.